ఇరవయ్యో నంబరు రోడ్డులో కర్పూరం వాసన

తెల్లవారుజామున అయిదున్నర. బ్రిమ్‌ఫీల్డ్ ఊరి పొలాల్లో గడ్డి ఇంకా మంచుతో తడిసే ఉంది. టార్చిలైట్లు పట్టుకుని జనం డేరాల మధ్య వంగి వంగి వెతుక్కుంటున్నారు. చిన్నప్పుడు వాడరేవులో రాత్రిపూట పీతలు పట్టేవాళ్ళు ఇలాగే లాంతరు నేలకి దించి నడిచేవాళ్ళు. నేనొక బల్ల ముందు ఆగి, దంతం రంగులో ఉన్న దువ్వెన ఒకటి తీసి, బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. హారతి కళ్ళకద్దుకున్నాక అరచేతికి మిగిలే వాసన వచ్చింది. కర్పూరం.

ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను. నైట్రోసెల్యులోజ్‌కి కర్పూరం కలిపితే సెల్యులాయిడ్ వస్తుందని ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్కలేదు. ఆ వాక్యానికి ఒక వాసన ఉందని అరవై మూడేళ్ళ వయసులో, మాసచూసెట్స్‌లో, ముక్కూ మొహం తెలియని ఎవరో ఆవిడ తల దువ్వుకున్న దువ్వెన వల్ల తెలిసింది. పద్దెనిమిది డాలర్లు. బేరమాడకుండా ఇచ్చేశాను.

మా అమ్మాయి వాళ్ళు ఉండేది ష్రూస్‌బరీలో. ఆ ఊళ్ళోంచే 20వ నంబరు రోడ్డు పోతుంది. బోస్టన్‌లో ఫెన్‌వే పార్క్ బేస్‌బాల్ మైదానానికి కూతవేటు దూరంలో అది మొదలవుతుంది. అక్కణ్ణించి పడమటి సముద్రపు ఒడ్డున ఒరెగాన్‌లోని న్యూపోర్ట్ దాకా 3,365 మైళ్ళు. అమెరికాలో అంతకంటే పొడుగైన రోడ్డు లేదు. ష్రూస్‌బరీ నుంచి దాని మీద ఓ ముప్పై మైళ్ళు పడమటికి పోతే బ్రిమ్‌ఫీల్డ్. ఇంకా పోతే పిట్స్‌ఫీల్డ్, ఆల్బనీ, ఆ తర్వాత కూపర్స్‌టౌన్ మలుపు. మూడు రోజులు సెలవు పెట్టి అమ్మాయి నన్ను ఆ దారిన తీసుకెళ్ళింది. తను పాత ప్లాస్టిక్ గాజులు పోగుచేస్తుంది. మొదట్లో నాకది నచ్చలేదు.

అక్కడ ఇంట్లో పెద్దవాళ్ళు పోతే ఎస్టేట్ సేల్ అని పెడతారు. తలుపులు బార్లా తీసి, గిన్నెల దగ్గర్నుంచి దుప్పట్ల దాకా ధర చీటీలు అంటించి అమ్మేస్తారు. మూడేళ్ళ కిందట అలాంటి ఇంట్లో అమ్మాయి ఒక అట్టపెట్టెడు గాజులు కొంది. ఫోన్లో చూపించినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది.

"పోయిన మనిషి గాజులు ఇంటికి తెచ్చుకోవడమేమిటే?" అన్నాను.

"ఆవిడకి తొంభై రెండేళ్ళమ్మా. చివరిదాకా వేసుకుందట. వాళ్ళమ్మాయే చెప్పింది."

మా నాయనమ్మ బోసి చేతులు చూస్తూ పెరిగినదాన్ని నేను. తాతగారు పోయిన పదోరోజున ఆవిడ చేతి లక్క గాజులు తీసేశారు. హైదరాబాదు లాడ్ బజారు నుంచి ఎప్పుడో తెప్పించుకున్నవి, రాళ్ళు పొదిగినవి. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది, ఆ చేతులకి మళ్ళీ ఏదీ ఎక్కలేదు. తొంభై రెండేళ్ళ దాకా ఎర్ర గాజులు వేసుకున్న మనిషిని తలుచుకున్నాక ఇక నేను ఆ పెట్టె గురించి ఏమీ అనలేదు. కిందటేడు వచ్చినప్పుడు ఒకటి నా చేతికీ ఎక్కించుకుని చూశాను. బరువుగా, చల్లగా ఉంది.

బ్రిమ్‌ఫీల్డ్ సంత ఏడాదికి మూడుసార్లు, మే, జూలై, సెప్టెంబరు నెలల్లో, మంగళవారం నుంచి ఆదివారం దాకా జరుగుతుంది. 1959లో గోర్డన్ రీడ్ అనే వేలంపాట ఆయన మొదలుపెట్టాడు. ఇప్పుడు రోడ్డుకి అటూ ఇటూ దాదాపు మైలు పొడుగునా డేరాలే. ఒక్కో పొలానికి ఒక్కో యజమాని, ఒక్కో ప్రవేశ వేళ. కొన్ని చీకటితోనే తెరుస్తారు, కొన్నిటికి తొమ్మిదింటిదాకా తాడు కట్టి ఉంచుతారు. ఆ తాడు తీసే క్షణం చూడాలి. పెద్ద పెద్దవాళ్ళు, ఖరీదైన కోట్లు వేసుకున్నవాళ్ళు, ఒక్కసారిగా పరుగు తీస్తారు. తిరుమలలో మహాద్వారం దగ్గర తోపులాటలో ఉండే ఆత్రం అచ్చంగా అక్కడ చూశాను.

అమ్మాయి భుజాన సంచిలో పులిహోర డబ్బాతోపాటు గాజులు పరీక్షించే సరంజామా ఉంది. ఫ్లాస్కులో వేడినీళ్ళు, దూది పుల్లలు, భూతద్దం, సిమిక్రోమ్ అనే జర్మన్ లోహపు పాలిష్ ట్యూబు. ఆ గులాబీరంగు పాలిష్ దూదికి అద్ది గాజు లోపలి వైపు రుద్దితే, అసలు బేకలైట్ అయితే దూది పసుపచ్చగా మారుతుంది. గాజు ఏ రంగుదైనా అంతే, నల్లదైనా దూది మీద పసుపే. పైన పేరుకున్న పాత పొర అలా వస్తుంది. ఎవరైనా శుభ్రంగా సాన పెట్టించేసి ఉంటే ఆ పొర ఉండదు, పరీక్ష తప్పుతుంది. అందుకే వేడినీళ్ళు. ఒక అరనిమిషం తడిపి వాసన చూడాలి. బేకలైట్ అయితే కార్బాలిక్, ఫార్మలిన్ కలిసిన ఘాటు. మా కాలేజీలో కెమిస్ట్రీ లాబ్ పక్కనే జువాలజీ లాబ్ ఉండేది, కప్పల సీసాలు మూత తీసినప్పుడల్లా వసారా అంతా ఆ వాసనే. సెల్యులాయిడ్ అయితే కర్పూరం. గాలలిత్ అని పాల విరుగుడులోని కేసీన్‌తో చేసిన ప్లాస్టిక్ ఒకటుంది, దానికి మాడిన పాల వాసన. ఆ తర్వాతి కాలపు లూసైట్‌కి ఏ వాసనా ఉండదు. ఇవన్నీ అమ్మాయికి నేర్పింది పుస్తకాలు కావు, ఆ డేరాల్లో కూర్చున్న ముసలమ్మలు. రెండు గాజులు ఒకదానికొకటి తగిలిస్తే వచ్చే చప్పుడు కూడా వాళ్ళే నేర్పారు. ఇప్పటి ప్లాస్టిక్ టిక్కుమంటుంది. బేకలైట్ చప్పుడు బరువుగా, చెక్క కవ్వం కుండకి తగిలినట్టు ఉంటుంది.

బేకలైట్ అంటే మనకి కుక్కర్ పిడి. పాత ఇళ్ళల్లో నల్ల స్విచ్చులు, పోస్టాఫీసు బల్ల మీద నల్ల టెలిఫోను. బెల్జియంలోని ఘెంట్‌లో పుట్టి న్యూయార్క్ పక్కన యాంకర్స్‌లో స్థిరపడిన లియో బేక్‌లాండ్ 1907లో ఫినాల్‌నీ ఫార్మాల్డిహైడ్‌నీ వేడిమితో, ఒత్తిడితో కలిపి దీన్ని చేశాడు. 1909లో పేటెంటు వచ్చింది. ఆయన మొదట వెతికింది ప్లాస్టిక్ కోసం కాదు, లక్కకి బదులు. కరెంటు వాడకం పెరిగేకొద్దీ తీగలకీ మోటార్లకీ కరెంటు పాకని పూత కావాలి. ఆ పనికి లక్క వాడేవాళ్ళు, గ్రామఫోను రికార్డులకీ లక్కే. ఆ లక్కలో చాలాభాగం మన దేశపు అడవుల్లో చెట్ల కొమ్మల మీద చిన్న చిన్న పురుగులు విడిచినది, కొమ్మ కొమ్మా గీకి తీసినది. పురుగులు ఫ్యాక్టరీ వేగానికి పనిచేయలేవు కదా.

మా నాయనమ్మ చేతి లక్కకీ, అమ్మాయి పెట్టెలోని బేకలైట్‌కీ ఉన్న ఈ బంధుత్వం నాకు క్లాసులో తట్టలేదు. రెండిటికీ ఒక్క తేడా ఉంది. లక్కని బొగ్గుల మీద వెచ్చబెడితే మళ్ళీ మెత్తబడుతుంది. లాడ్ బజారులో గాజు చేసే అతను చేతి కొలత చూసి, సాగదీసి, చుట్టి, అతికి ఇస్తాడు. బేకలైట్ ఒకసారి గట్టిపడితే అంతే, ఉడికిన గుడ్డు లాగ. ఎంత కాల్చినా వెనక్కి రాదు. అందుకే కుక్కర్ పిడి అయింది.

నగల్లో కనిపించే రంగురంగుల రకం ఖచ్చితంగా చెప్పాలంటే కాటలిన్. బేక్‌లాండ్ పేటెంట్లు 1927లో కాలం తీరాక, చెక్కపొడి లాంటివి కలపకుండా స్వచ్ఛమైన రెసిన్ని కడ్డీలుగా, గొట్టాలుగా పోతపోసి, ముక్కలు కోసి, లేతు మీద చేత్తో చెక్కేవాళ్ళు. 1930లలో ఆర్థిక మాంద్యం రోజుల్లో బంగారం కొనలేని ఆడవాళ్ళకి చవక దుకాణాల్లో దొరికిన సంతోషం ఇది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అచ్చులో ఒక్క నొక్కుతో తయారయ్యే ప్లాస్టిక్కులు వచ్చాక చేత్తో చెక్కే ఆ పని గిట్టుబాటు కాక పోయింది. గాజుల రంగులకి పోగుచేసేవాళ్ళు పెట్టుకున్న పేర్లన్నీ తిండివే. బటర్‌స్కాచ్, ఆపిల్ జ్యూస్, రూట్ బీర్, క్రీమ్డ్ కార్న్. పుట్టినప్పుడు తెల్లగా ఉన్న గాజు గాలికీ వెలుతురుకీ ఏళ్ళ తరబడి పండి బటర్‌స్కాచ్ అవుతుంది. నేనైతే దానికి పనస తొన రంగు అని పేరు పెట్టేదాన్ని.

అమ్మాయి వాళ్ళ పక్కింటాయన కూడా అక్కడ బల్ల వేశాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయన అమ్మేవి బేస్‌బాల్ వస్తువులు. కుట్లు ఊడిన గ్లోవులు, పాత టికెట్లు, మసకబారిన జట్టు ఫొటోలు. బల్ల మధ్యలో నల్ల వెల్వెట్ గుడ్డ మీద మాత్రం వరసగా చిన్న బిళ్ళలు. అవి చూడమని నాకొక కుర్చీ వేశాడు.

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మన రూపాయి బిళ్ళంత ఉంటుంది. గోధుమరంగు ఫొటో, టోపీ పెట్టుకున్న కుర్రాడు, కళ్ళలో ఎండ పడుతున్నట్టు కాస్త చిట్లించిన చూపు. ఫొటో అచ్చు వేసింది కాగితం మీద. దాని మీద పల్చటి గాజు లాంటి పొర. అంచు చుట్టూ లోహపు పట్టీ, వెనక గుండుసూది. ఆ పొర మీద వేలు ఆనిస్తే అద్దంలా చల్లగా లేదు, ఒంటి వెచ్చదనానికి తొందరగా లొంగింది. "రుద్దండి" అన్నాడాయన సైగ చేస్తూ. రుద్దాను. మళ్ళీ కర్పూరం.

దువ్వెనా, ఆటగాడి బిళ్ళా ఒకే పదార్థం. న్యూజెర్సీలో నెవార్క్ ఊళ్ళోని వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ 1896లో ఈ గుండుసూది బిళ్ళకి పేటెంటు తీసుకుంది. ఆ ఏడాదే అధ్యక్ష ఎన్నికల్లో మెకిన్లీ, బ్రయన్ల మొహాలు దేశమంతటా చొక్కాలకి ఎక్కాయి. ఆ తర్వాత ఆటగాళ్ళ వంతు. 1910 నుంచి 1912 దాకా స్వీట్ కాపొరల్ సిగరెట్ల తరఫున ఆటగాళ్ళ బొమ్మల బిళ్ళలు వచ్చాయి. పేరున్నవాళ్ళ బిళ్ళలు పక్కింటాయన అమ్మేస్తాడు. ఎవరికీ గుర్తులేని వాళ్ళవి తనకోసం ఉంచుకుంటాడు. అలాంటివాళ్ళు ఆడిన ఊళ్ళు, ఆడిన ఏళ్ళు, ఆట మానేశాక చేసిన పని, దొరికినంతవరకు చిన్న చిన్న కార్డుల మీద రాసి బిళ్ళ వెనక పెట్టాడు. ఉత్తరం మీద చిరునామా సరిగా లేకపోయినా మనిషిని వెతికి పట్టుకునే అలవాటు ఆయన్ని వదల్లేదు. నాకు ఆయన బల్ల మీద అన్నిటికంటే విలువైనవి ఆ కార్డులే అనిపించింది, అమ్మాయితో అదే చెప్పించాను.

నా దువ్వెన చూసి ఆయన మొహం కాస్త మారింది. కిందనుంచి ఒక కాగితపు కవరు తీసి విప్పాడు. లోపల ఒకప్పుడు దువ్వెన అయి ఉండాల్సినది, సున్నపు గోడలా పొడిపొడిగా రాలిపోతోంది. సెల్యులాయిడ్‌కి జబ్బు చేస్తుంది. లోపలి నైట్రేటు విడిపోయి ఆమ్లపు ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరి దానినే తినేస్తుంది, పక్కనున్న ఇంకో సెల్యులాయిడ్‌నీ పట్టుకుంటుంది, లోహముంటే తుప్పు పట్టిస్తుంది. మూత బిగించిన డబ్బాలో పెడితే ఇంకా వేగం. అందుకని ఒక్కోదాన్ని విడిగా, గాలి తగిలేలా, చల్లటి చోట ఉంచాలి. మంటకి దూరంగా కూడా, ఎందుకంటే నైట్రోసెల్యులోజ్ అంటే తుపాకి మందుకి దగ్గరి చుట్టమే. ఇన్నాళ్ళూ ఆ ఎస్టేట్ సేల్ పెట్టెలో అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయని గుర్తొచ్చి అమ్మాయి, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆయన దగ్గర సిగరెట్ కార్డులూ ఉన్నాయి. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు, మెరిసే రంగుల అచ్చు. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ తన పెట్టెల్లో వేసిన ఆ వరసని టి206 అంటారు, ఐదువందల ఇరవైకి పైగా రకాలు. అందులో పిట్స్‌బర్గ్ జట్టు హోనస్ వాగ్నర్ కార్డు లోకప్రసిద్ధం. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనకూడదని ఆపించాడని ఒక మాట, డబ్బివ్వనందుకు ఆపించాడని ఇంకో మాట. ఏమైనా అరవై లోపే మిగిలాయి. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకి పోయింది.

అమెరికన్ టొబాకో అనే పేరు చూసి నేను ఆగిపోయాను. 1902లో ఆ కంపెనీ ఇంగ్లండు ఇంపీరియల్ టొబాకోతో కలిసి బ్రిటిష్ అమెరికన్ టొబాకో పెట్టింది. ఆ చెట్టు కొమ్మే 1912లో మన గుంటూరు ప్రాంతంలో వెలిసిన ఐ.ఎల్.టి.డి. మా తాతగారు వర్జీనియా పొగాకు పండించి, బేరన్‌లో రాత్రంతా మేలుకుని మంట కాచి, ఆ కంపెనీకే తోలేవాడు. ఆకు రంగు నిమ్మపండులా రాకపోతే ఆ ఏటి కష్టం బూడిదే. సిగరెట్ పెట్టెలో బొమ్మ దొరికిన పిల్లవాడి సంతోషం ఆ గొలుసుకి ఒక చివర, తాతగారి ఎర్రబడ్డ కళ్ళు ఇంకో చివర.

మధ్యాహ్నం నాలుగు దాటాక, డేరాలు సర్దుతున్న వేళ, ఒక బల్ల దగ్గర ముదురెరుపు గాజు కనిపించింది. ఆకులు చెక్కిన పని. ఫ్లాస్కులో నీళ్ళు అప్పటికే చల్లారిపోయాయి. అమ్మే ఆవిడ తొందరలో ఉంది, పాలిష్ రాయనివ్వలేదు. అమ్మాయి నా వైపు చూసింది. నేను చేతిలో బరువు చూశాను, ఇంకో గాజుకి తగిలించి చప్పుడు విన్నాను, అసలుదే తీసుకో అన్నాను. అరవై అయిదు డాలర్లు. మా నాయనమ్మ చేతి ఎరుపు అది. ఆ రంగు చూశాక నేను పరీక్ష చేయలేదు, ఒప్పేసుకున్నాను.

ఆ రాత్రి పిట్స్‌ఫీల్డ్‌లో మోటల్ గది సింకులో వేడినీళ్ళు వదిలి గాజు తడిపాను. వాసన లేదు. ఇంకాసేపు పెట్టాను. లేదు. భూతద్దం పెట్టి చూస్తే లోపలి వైపు సన్నటి గీత, గాజు చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికి వచ్చింది. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోటు. పోతపోసి చెక్కిన దానికి ఆ గీత ఉండదు. దీనికి ఇక్కడివాళ్ళు ఫేకలైట్ అని పేరు పెట్టారు. అమ్మిన ఆవిడకి తెలుసో తెలియదో. తెలియాల్సింది నాకు. పిల్ల డబ్బు పోయిందని కాదు నా బాధ, దాని కళ్ళముందు నా మాట పోయింది.

"పోన్లే అమ్మా" అంది. కాసేపాగి, "అసలు బేకలైట్ కూడా లక్కకి నకలే కదా. సెల్యులాయిడ్ దంతానికి నకలు. అన్నీ నకళ్ళే" అంది.

నేను ఒప్పుకోలేదు. దంతంలా కనిపించే దువ్వెన తాను దంతమని ఎవరినీ మోసం చేయలేదు, కొన్న ఆవిడకి అది దంతం కాదని తెలుసు, ధరే చెప్పేది. ఈ గాజు మాత్రం 1930ల నాటి చేతులు తనని చెక్కాయని చెబుతోంది. ఆ చేతుల పని దొంగిలిస్తోంది. ఆ రాత్రి చాలాసేపు ఇదే మాట్లాడుకున్నాం. పడుకోబోయే ముందు అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. వాగ్నర్ కార్డుల్లో అన్నిటికంటే పేరున్నది, 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్‌కీ ఇంకొకరితో కలిసి 4,51,000 డాలర్లకి కొన్నది, 2007లో 28 లక్షలకి అమ్ముడైనది, దాని అంచులు కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి 2013లో కోర్టులో ఒప్పుకున్నాడట. వందేళ్ళలో నలిగిన మూలలు పోయి కొత్తదానిలా కనిపించాలని. కార్డు అసలుదే. దాని వయసుని కత్తిరించారు. అది విన్నాక నాకు ఎర్రగాజు మీద కోపం కాస్త తగ్గింది.

పిట్స్‌ఫీల్డ్‌లో మేం ఆగడానికి రాత్రి కావడం ఒక్కటే కారణం కాదు. 1791లో ఆ ఊరివాళ్ళు కొత్తగా కట్టుకున్న ప్రార్థనా మందిరం కిటికీ అద్దాలు పగలకుండా, దానికి 80 గజాల లోపు బంతాటలు ఆడకూడదని కట్టుబాటు చేశారు. నిషేధించిన ఆటల జాబితాలో క్రికెట్ ఉంది, బేస్‌బాల్ ఉంది. జాన్ థార్న్ అనే చరిత్రకారుడి వెతుకులాట వల్ల 2004లో ఆ కాగితం లోకానికి తెలిసింది. ఇది ఎందుకు ముఖ్యమో కూపర్స్‌టౌన్ వెళ్తే తెలుస్తుంది.

ఆల్బనీలో దిగలేదు, వంతెన మీద నుంచి చూశాం. సెల్యులాయిడ్ పుట్టిన ఊరు అది. బిలియర్డ్స్ బంతులకి ఏనుగు దంతం కరువై, బదులు కనిపెట్టినవాళ్ళకి పదివేల డాలర్లని ఒక కంపెనీ ప్రకటిస్తే, జాన్ వెస్లీ హయత్ అనే అచ్చుపనివాడు పూనుకున్నాడు. 1870లో పేటెంటు తీసుకుని ఆ ఊళ్ళోనే మొదట కట్టుడు పళ్ళ చిగుళ్ళు తయారుచేయించాడు. ఆ పళ్ళు పెట్టుకున్నవాళ్ళకి అన్నం కర్పూరం రుచిగా ఉండేదేమో పాపం. తర్వాత ఫ్యాక్టరీ నెవార్క్‌కి వెళ్ళింది, దువ్వెనలూ బిళ్ళలూ అక్కడి కథ.

ఆల్బనీ దాటాక రోడ్డు పల్లెల్లో పడింది. మొక్కజొన్న చేలు, ఎర్ర కొట్టాలు. ఇదే రోడ్డు ముందుకి వెళ్ళి సిరక్యూస్‌కి దక్షిణంగా పోతుంది. ఆ సిరక్యూస్‌లో జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన ఉండేవాడు. ఎలక్ట్రిక్ సామాన్ల ఫ్యాక్టరీలో పనిచేసిన ఒంటరి మనిషి, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినవాడు. టి206 అనే పేరు ఆయన తయారుచేసిన జాబితాలోదే. జీవితమంతా పోగుచేసిన మూడు లక్షల పైచిలుకు కార్డులూ చీటీలూ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇచ్చి ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుని ఆ వంకర వేళ్ళతో ఆల్బముల్లో అంటించాడు. 1963 జనవరిలో పని ముగిసింది. మార్చిలో ఆయన పోయాడు. అమ్మాయి ఇది చెబుతున్నంతసేపూ నేను కిటికీ వైపు తిరిగి ఉన్నాను.

కూపర్స్‌టౌన్ ఒట్సెగో సరస్సు ఒడ్డున చిన్న ఊరు. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం అక్కడెందుకు ఉందంటే, 1839లో ఆ ఊళ్ళో ఆబ్నర్ డబుల్‌డే ఆటని కనిపెట్టాడని ఒక ముసలాయన 1905లో పత్రికకి ఉత్తరం రాశాడు. ఆ సంగతి జరిగిందని చెప్పే నాటికి ఆయన అయిదేళ్ళ పిల్లవాడు. డబుల్‌డే అప్పటికి వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో ఉన్నాడు. అయినా ఆట పుట్టుక అమెరికాలోనే అని తేల్చడానికి వేసిన కమిటీ ఆ ఉత్తరాన్నే నమ్మింది. 1934లో పక్క ఊరు ఫ్లై క్రీక్‌లో ఒక రైతు ఇంటి అటక మీద పెట్టెలో పాత బంతి దొరికింది. సింగర్ కుట్టుమిషన్ల ఆస్తికి వారసుడు స్టీఫెన్ క్లార్క్ అయిదు డాలర్లిచ్చి కొన్నాడు. దాని చుట్టూ 1939 జూన్ 12న ఈ మ్యూజియం తెరిచారు.

ఆ బంతి ముందు నిలబడ్డాను. నిమ్మకాయ కంటే పెద్దది, బత్తాయి కంటే చిన్నదేమో. చేత్తో కుట్టిన తోలు, ముదురు గోధుమరంగు. కుట్టు విచ్చుకున్న చోట లోపల కుక్కిన గుడ్డ కనిపిస్తోంది. ఎవరో అమ్మ పాతగుడ్డలు పెట్టి కుట్టిచ్చిన బంతి లాగుంది. డబుల్‌డే దాన్ని ముట్టుకోలేదని మ్యూజియానికి తెలుసు, చెప్పేస్తుంది కూడా. పిట్స్‌ఫీల్డ్ కాగితం బయటపడ్డాక ఎవరూ వాదించడానికీ లేదు. అయినా బంతిని తీసి పారేయలేదు. కథ పోయింది, బంతి ఉంది. దాన్ని కుట్టిన చేతులు మాత్రం నిజం. రాత్రి అమ్మాయితో నేను చేసిన వాదన అక్కడ కాస్త మెత్తబడింది.

మేడ మీద కార్డుల గదికి షూబాక్స్ ట్రెజర్స్ అని పేరు, చెప్పుల డబ్బాలో నిధులు అన్నమాట. వాగ్నర్ కార్డు అక్కడుంది. ఈ మ్యూజియం దేన్నీ కొనదు, ఇచ్చినవే తీసుకుంటుంది. ఆ గదిలో చుట్టుపక్కల నిలబడ్డ నాలుగు తరాల మనుషులూ ఒకే మాట అనుకుంటున్నారు, మా అమ్మ నా కార్డుల డబ్బా పారేసింది అని. అమెరికాలో ఇదొక సామెతంత పాతబడ్డ ఫిర్యాదట. అలా పారేయబట్టే మిగిలినవాటికి ఆ ధర. కార్డులు అచ్చేసే టాప్స్ కంపెనీ ఆయన సై బర్గర్ అయితే అమ్ముడుపోని 1952 కార్డుల పెట్టెలని తనే పడవలో తీసుకెళ్ళి సముద్రంలో పారేయించానని చెప్పాడు. ఆ 1952 వరసలోని మికీ మాంటిల్ కార్డు 2022లో ఒక కోటి ఇరవై ఆరు లక్షల డాలర్లు పలికింది.

అమ్మాయి ఆ మాటలు అనువదించి చెబుతూ నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. దానికి ఎనిమిదేళ్ళప్పుడు బోర్నవిటా డబ్బా నిండా పగిలిన గాజు ముక్కలు ఉండేవి. వీధి వీధీ తిరిగి ఏరినవి. కుంకుమ రంగు, నెమలికంఠం, బంగారు చుక్కలవి. అరుగు మీద కూర్చుని వాటితో ఆడుకునేది, రంగు రంగుగా కుప్పలు పోసేది. మేం చీరాల ఇల్లు మారేటప్పుడు నేనా డబ్బా చెత్తలో వేశాను. చెయ్యి కోసుకుంటుందని చెప్పాను. నిజానికి సామాను తగ్గించుకోవడానికి వేశాను. రెండు రోజులు అన్నం తినలేదది.

"గుర్తుందా నీకు?" అన్నాను ఆ గది మధ్యలో నిలబడి.

"నెమలికంఠం ముక్క వంకీ గాజుదమ్మా. ఎదురింటి పిన్నిది. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు" అంది. ఎవరో వెనకనుంచి జరగమన్నారు, జరిగాం.

మూడోరోజు రాత్రి ష్రూస్‌బరీ చేరాక, భోజనాలు కాకముందే పెట్టె విప్పాం. సెల్యులాయిడ్‌వి తొమ్మిది తేలాయి, మూడింటికి అప్పుడే పైన చిన్న చిన్న పగుళ్ళు. ఒక్కోదాన్ని విడిగా కాగితపు కవర్లో పెట్టాం, మూతి అంటించకుండా. అల్లుడు పిల్లల గదిలోంచి తెల్ల కార్డులు తెచ్చిచ్చాడు. పక్కింటాయన కార్డుల్లాగే రాద్దామంది అమ్మాయి. ఎస్టేట్ సేల్ గాజుల దగ్గర ఆ తొంభై రెండేళ్ళ ఆవిడ వీధి పేరు రాసింది. నా దువ్వెన దగ్గర బ్రిమ్‌ఫీల్డ్ అనీ, తారీఖూ రాసింది.

ఎర్రగాజు మిగిలింది. అది నాకివ్వమన్నాను. కార్డు తిప్పి తెలుగులో రాశాను. కొన్న తేదీ, ఇచ్చిన డబ్బు. బేకలైట్ కాదు, అచ్చులో పోసింది, లోపల గీత చూడవచ్చు. కొన్నది అమ్మ, పరీక్ష చేయకుండా. మా నాయనమ్మ గాజుల రంగు.

అమ్మాయి చదివి, కింద ఇంగ్లీషులో కూడా రాసింది. గాజుని మిగతావాటి పక్కనే పెట్టింది.